ఇక్కడ నొక్కితే అక్కడ వెలిగే జంట దీపాలు: మిస్డ్ కాల్‌తో మొదలుపెట్టి ఎలా చేసుకోవాలి

"మా పాప డాలస్‌లో ఉందండీ. ఇక్కడ మేం దీపం ముట్టుకుంటే అక్కడ దాని గదిలో వెలగాలి. చేసిపెడతారా?"

విజయవాడలో ఈ మాట వినని నెల లేదు నాకు. బెంజి సర్కిల్ దగ్గర టీ తాగుతుంటే అడిగినవాళ్లున్నారు, పెళ్లి భోజనాల్లో పక్క విస్తరి నుంచి అడిగినవాళ్లున్నారు. అందరికీ చేసిపెట్టే ఓపిక లేదు కాబట్టి, మీరే ఎలా చేసుకోవాలో రాస్తున్నాను. ఆర్డునో అనే చిన్న ప్రోగ్రామింగ్ బోర్డుతో ఒక ఎల్ఈడీని మినుకుమనిపించిన అనుభవం ఉంటే సరిపోతుంది.

పని పెద్ద కష్టమేం కాదు. ఒక ఆదివారం కూర్చుంటే బల్ల మీద వెలిగిపోతుంది. ఆ సంబరంలో సోమవారమే పార్సిల్ కట్టేస్తారు చూడండి, అక్కడే దెబ్బతింటారు. అమెరికా వెళ్లిన పెట్టె రీసెట్ బటన్ మీ వేలికి అందదు. అందుకని ఒకేసారి పూర్తి వస్తువు చేయొద్దు. చిన్న చిన్న నమూనాలుగా చేసుకుంటూ వెళ్లండి. ఒక్కో నమూనా ఒక్క ప్రశ్నకు జవాబు చెబితే చాలు.

కావలసినవి

- ఈఎస్‌పీ32 బోర్డులు (వైఫై ఉన్న చిన్న ప్రోగ్రామింగ్ బోర్డులు) మూడు. రెండు దీపాలకు రెండు, మీ బల్ల మీద ఎప్పటికీ ఉండాల్సింది ఒకటి. ఒక్కోటి సుమారు 400 నుంచి 600 రూపాయలు. మూడూ ఒకే రకం కొనండి.
- ఒక్కో ఎల్ఈడీ రంగు విడిగా మార్చగల డబ్ల్యూఎస్2812బీ ఎల్ఈడీ రింగులు, 16 ఎల్ఈడీలవి, మూడు.
- నొక్కే బటన్లు. కాలింగ్ బెల్ స్విచ్ అయినా ఫర్వాలేదు.
- 330 ఓమ్‌ల రెసిస్టర్లు, 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్లు, 1ఎన్4007 డయోడ్లు, మూడేసి.
- 5 వోల్టులు, 2 ఆంపియర్ల అడాప్టర్లు. ఇవి ఇక్కడ వాడుకోవడానికే, అమెరికా పంపొద్దు.
- బ్రెడ్‌బోర్డు, జంపర్ వైర్లు, డేటా వెళ్లే యూఎస్‌బీ కేబుల్.

కేబుల్ సంగతి ఇంకోసారి చెప్తాను. "బోర్డు కంప్యూటర్‌కు కనపడట్లేదు" అని నాకు వచ్చే ఫోన్లలో చాలావాటికి కారణం ఛార్జింగ్‌కు మాత్రమే పనికొచ్చే కేబుల్. అది మార్చాక కూడా కనపడకపోతే బోర్డు మీది చిన్న చిప్ పేరు చూసి, సీహెచ్340 లేదా సీపీ2102 డ్రైవర్ వేసుకోండి.

లిథియం బ్యాటరీ పెట్టాలన్న ఆలోచన ఇప్పుడే మానుకోండి. విమానంలో వెళ్లే పార్సిల్లో అది లేనిపోని తలనొప్పి. గోడ ప్లగ్ చాలు.

చాలామంది లోరా (ఇంటర్నెట్ లేకుండా నేరుగా మాట పంపే రేడియో) పెట్టొచ్చా అని కూడా అడుగుతారు. లోరా కొన్ని కిలోమీటర్ల దూరానికి పనికొస్తుంది. పొలంలో మోటారు ఆన్ అయిందో లేదో ఇంటి నుంచి చూసుకోవడానికి బాగుంటుంది. సముద్రాలు దాటాలంటే ఇంటర్నెట్టే దారి. పైగా లోరాకు మన దేశంలో వాడే ఫ్రీక్వెన్సీ 865 మెగాహెర్ట్జ్ దగ్గర, అమెరికాలో 915 దగ్గర. ఇక్కడి బోర్డు అక్కడ వాడకూడదు.

1. మొదటి నమూనా: మిస్డ్ కాల్

నవ్వకండి. దీనికి ఖర్చు సున్నా. ఇక్కడివాళ్లు, అక్కడివాళ్లు ఒక వారం పాటు దీపం నొక్కాలనిపించినప్పుడల్లా మిస్డ్ కాల్ ఇచ్చుకోవాలి. ఎత్తకూడదు, మాట్లాడకూడదు. ఎప్పుడు ఇచ్చారో ఇద్దరూ ఒక కాగితం మీద టైము రాసుకోవాలి.

వారం తిరిగేసరికి మూడు సంగతులు తెలుస్తాయి. అసలు వాళ్లకు ఈ ముచ్చట కావాలా, మూడో రోజుకే మర్చిపోయారా? ఏ వేళల్లో పలకరించుకుంటున్నారు? పలకరింపు అందినప్పుడు అవతలివాళ్లు నిద్రలో ఉన్నారా? మనకు రాత్రి 9 అయితే డాలస్‌లో చలికాలం ఉదయం 9:30, ఎండాకాలం 10:30. మనం పొద్దున 11 గంటలకు తీరిగ్గా నొక్కితే అక్కడ నడిరాత్రి.

మా పిన్ని వాళ్లది గుంటూరు బ్రాడీపేట. వాళ్ల కాగితం చూస్తే పిన్ని ఇచ్చిన కాల్స్ దాదాపు అన్నీ పొద్దున పూజ అయ్యాకే ఉన్నాయి. అంటే ఆ దీపం అవతల ఎప్పుడూ రాత్రిపూటే వెలుగుతుంది. తళుక్కుమని ఆరిపోయేది వాళ్లకు పనికిరాదు. పొద్దున కొడుకు లేచి చూసేదాకా సన్నగా వెలుగుతూ ఉండాలి. ఈ ఒక్క విషయంతో డిజైన్ సగం తేలిపోయింది, అప్పటికి నేను ఒక్క వైరు కూడా కలపలేదు.

2. బల్ల మీద ఒక్క బోర్డు

ఇంటర్నెట్ జోలికి వెళ్లకుండా బటన్ నొక్కితే రింగ్ వెలిగేలా చేయండి.

బటన్ ఒక కాలు 27వ పిన్‌కు, రెండో కాలు గ్రౌండ్‌కు కలపండి. ప్రోగ్రామ్‌లో ఆ పిన్‌ను లోపలి పుల్-అప్‌తో (నొక్కనప్పుడు హైలో ఉండేలా) పెట్టండి. రింగ్ డేటా వైరు 330 ఓమ్‌ల రెసిస్టర్ మీదుగా 13వ పిన్‌కు వెళ్లాలి. కెపాసిటర్‌ను రింగ్ కరెంటు వైర్ల మధ్య పెట్టండి. దాని ప్లస్, మైనస్ తారుమారైతే పేలుతుంది, జాగ్రత్త. 0, 2, 12, 15 పిన్లను బటన్లకు వాడొద్దు, బోర్డు మొదలయ్యే క్షణంలో వాటి స్థితి చూసుకుంటుంది. ముఖ్యంగా 12 హైలో ఉంటే కొన్నిసార్లు అసలు లేవదు.

ఈఎస్‌పీ32 పంపేది 3.3 వోల్టుల సంకేతం, 5 వోల్టులతో నడిచే రింగ్ ఆశించేది కనీసం 3.5. కొన్ని రింగులు సర్దుకుపోతాయి, కొన్ని పిచ్చి రంగులు చూపిస్తాయి. రింగ్‌కు వెళ్లే 5 వోల్టుల వైరులో ఒక 1ఎన్4007 డయోడ్ పెడితే రింగ్‌కు 4.3 వోల్టులే అందుతాయి, అప్పుడు 3.3 సంకేతం దానికి సరిపోతుంది. డయోడ్ గీత ఉన్న వైపు రింగ్‌కు ఉండాలి.

వెలుగును పావు వంతుకు మించనివ్వొద్దు. ఒక్క ఎల్ఈడీ పూర్తి తెలుపులో 60 మిల్లీఆంపియర్ల దాకా లాగుతుంది, పదహారూ కలిస్తే ఒక ఆంపియర్‌కు కాస్త తక్కువ. అంత కరెంటు డయోడ్‌కూ బరువే, కంప్యూటర్ యూఎస్‌బీకీ బరువే. బోర్డు మాటిమాటికీ రీస్టార్ట్ అవుతోందంటే ముందు దీన్నే అనుమానించండి.

ముట్టుకుంటే పనిచేసే టచ్ ఎందుకు పెట్టలేదంటారా? ఈఎస్‌పీ32లో టచ్ పిన్లున్నాయి, ఇత్తడి బిళ్లకు వైరు అంటిస్తే పనిచేస్తుంది కూడా. కానీ చౌక అడాప్టర్ల కరెంటులో ఉండే రొదకు దెయ్యం పట్టినట్టు దానంతటదే నొక్కుకుంటుంది. పెద్దవాళ్లకు టక్కుమని చప్పుడయ్యే బటనే నమ్మకం. టచ్ తప్పదనుకుంటే ఆఖరి నమూనాలో చేర్చుకోండి.

సరిచూసుకోవడం: బటన్ యాభైసార్లు నొక్కి, ప్రోగ్రామ్ ఎన్ని లెక్కపెట్టిందో చూడండి. యాభైకి మించితే ఒక నొక్కు రెండుగా పడుతోందని అర్థం. ఒక నొక్కు తర్వాత 50 మిల్లీసెకన్లు ఇంకేదీ లెక్కపెట్టకుండా చేయండి.

3. రెండు బోర్డులు, మధ్యలో బ్రోకర్

రెండు బోర్డులూ నేరుగా మాట్లాడుకోవు. మధ్యలో ఒక సర్వర్ ఉంటుంది, దాన్ని బ్రోకర్ అంటారు. ఒకటి అక్కడ మాట వదిలిపెడుతుంది, రెండోది అందుకుంటుంది. ఈ పద్ధతి పేరు ఎంక్యూటీటీ. 1999లో ఎడారి గుండా పోయే చమురు గొట్టాల సమాచారాన్ని శాటిలైట్ ద్వారా తెప్పించుకోవడానికి పుట్టింది. బలహీనమైన లైను మీద చిన్న మాట పంపడానికే చేసింది కాబట్టి మనకు అతుకుతుంది.

మొదట్లో మస్కిటో అనే బ్రోకర్ సాఫ్ట్‌వేర్ వాళ్ల ఉచిత టెస్ట్ బ్రోకర్‌తో, 1883 పోర్టులో (పోర్టు అంటే సర్వర్‌కున్న తలుపు సంఖ్య) ప్రయత్నించండి. అది నడిబజారు లాంటిది, మీ మాట ఎవరైనా వినొచ్చు, ఎవరైనా మీ దీపం వెలిగించొచ్చు. పని అర్థమయ్యాక పాస్‌వర్డు ఉండే ఖాతాకు, మాట ఎవరికీ అర్థం కాకుండా పంపే 8883 పోర్టుకు మారిపోండి. అడాఫ్రూట్ ఐఓ అనే బ్రోకర్ సర్వీసు ఉచిత ఖాతాలో నిమిషానికి 30 మాటల పరిమితి ఉంది. మనకు అది ఎక్కువే.

ఇక్కడ జరిగే తప్పులు ఎక్కువ.

*రెండు బోర్డులకూ ఒకే క్లయింట్ ఐడీ.* క్లయింట్ ఐడీ అంటే బ్రోకర్ దగ్గర బోర్డు చెప్పుకునే పేరు. ఇది నా నిద్ర తిన్న తప్పు. ఒకే పేరుతో ఇంకొకరు వస్తే బ్రోకర్ పాతవాడిని బయటికి నెట్టేస్తుంది. నెట్టించుకున్నవాడు మళ్లీ వస్తాడు, ఈసారి రెండోవాడు బయటికి. రెండు బోర్డులూ కుర్చీలాట ఆడుతుంటే నేను రాత్రి ఒంటిగంట దాకా వైఫైని తిట్టుకుంటూ కూర్చున్నాను. విడివిడిగా పెడితే రెండూ బంగారంలా పనిచేస్తాయి, కలిపి పెడితేనే గొడవ. ఈ లక్షణం కనిపిస్తే ఐడీలు చూడండి. ప్రతి బోర్డుకూ వేరుగా ఉండే మ్యాక్ అడ్రస్‌నే ఐడీగా వాడితే ఈ బాధ ఉండదు.

*రెండింటికీ ఒకే టాపిక్.* టాపిక్ అంటే బ్రోకర్ దగ్గర మాట వదిలే చోటి పేరు. అది ఒకటే అయితే తను పంపింది తనకే తిరిగొస్తుంది. ఇటు నుంచి అటుకు ఒకటి, అటు నుంచి ఇటుకు ఒకటి, రెండు టాపిక్‌లు పెట్టండి.

*డిలే వాడి రంగులు మార్చడం.* దీపం మెల్లగా వెలిగి మెల్లగా ఆరితే అందమే. కానీ ఆ ఇరవై ముప్పై సెకన్లు ప్రోగ్రామ్ డిలేలో నిద్రపోతే బ్రోకర్‌కు జవాబు వెళ్లదు. ఎంక్యూటీటీకి వాడే పబ్‌సబ్‌క్లయింట్ లైబ్రరీలో కీప్-అలైవ్, అంటే బోర్డు "ఉన్నాను" అని బ్రోకర్‌కు చెప్పాల్సిన గడువు, మామూలుగా 15 సెకన్లు. దానికి ఒకటిన్నర రెట్లు గడిస్తే బ్రోకర్ లైను కోసేస్తుంది. మిల్లీసెకన్ల గడియారం చూసుకుంటూ రంగు కొంచెం కొంచెంగా మార్చండి.

*పాత పలకరింపు మళ్లీ రావడం.* ఆఖరి మాటను బ్రోకర్ దాచిపెట్టి, ఆలస్యంగా వచ్చినవాళ్లకు ఇవ్వగలదు, దీన్ని రిటెయిన్ అంటారు. అవతలి దీపం ఆఫ్‌లో ఉన్నప్పుడు నొక్కింది పోకుండా ఉండాలంటే ఇది కావాలి. అయితే కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ నిన్నటి పలకరింపే మళ్లీ వెలుగుతుంది. మాటతోపాటు పంపిన సమయం కూడా పంపండి. ఆఖరుగా చూపించిన పలకరింపు సమయాన్ని కరెంటు పోయినా చెరగని బోర్డు ఫ్లాష్ మెమరీలో దాచి, అదే మళ్లీ వస్తే వదిలేయమనండి. సమయం ఇంటర్నెట్ నుంచి ఎన్‌టీపీతో తెచ్చుకోవాలి. అది అందేదాకా ఏ పలకరింపూ పంపొద్దు, లేకపోతే అది 1970వ సంవత్సరంలో పంపినట్టు వెళ్తుంది.

సరిచూసుకోవడం: ఫోన్‌లో ఏదైనా ఎంక్యూటీటీ యాప్ వేసుకుని రెండు టాపిక్‌లూ గమనించండి. మాట ఇక్కడి నుంచి వెళ్లలేదా, అక్కడికి చేరలేదా అన్నది క్షణంలో తేలుతుంది.

4. వేర్వేరు లైన్ల మీద

ఒక బోర్డు ఇంటి వైఫై మీద, రెండోది ఫోన్ హాట్‌స్పాట్ మీద పెట్టండి. ఒకే వైఫై మీద బ్రహ్మాండంగా పనిచేసింది ఇక్కడ మొరాయిస్తే, కారణం ఈ రెండింట్లో ఒకటి కావచ్చు.

ఈఎస్‌పీ32 కు 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మాత్రమే తెలుసు. 5 గిగాహెర్ట్జ్ హాట్‌స్పాట్ దానికి కనపడదు. ఐఫోన్ అయితే హాట్‌స్పాట్ సెట్టింగ్స్‌లో "మాక్సిమైజ్ కంపాటిబిలిటీ" ఆన్ చేయాలి. రెండోది, యూనివర్సిటీ హాస్టళ్లలో, కొన్ని అపార్ట్‌మెంట్లలో వైఫైకి బ్రౌజర్‌లో లాగిన్ అవ్వాలి. దీపానికి బ్రౌజర్ లేదు. మీ పాప ఉండేది అలాంటి చోటయితే ఇప్పుడే అడిగి తెలుసుకోండి, పెట్టె చేరాక తెలిస్తే లాభం లేదు.

5. పాస్‌వర్డు ప్రోగ్రామ్‌లో రాయొద్దు

వైఫై మేనేజర్ అనే లైబ్రరీ వేసుకోండి. తెలిసిన వైఫై దొరకనప్పుడు దీపమే ఒక చిన్న వైఫై ఇస్తుంది. ఫోన్‌ను దానికి కలిపితే పేజీ దానంతటదే తెరుచుకుంటుంది, తెరుచుకోకపోతే బ్రౌజర్‌లో 192.168.4.1 కొట్టాలి. అక్కడ ఇంటి వైఫై పేరు, పాస్‌వర్డు ఇస్తే సరి.

దీని వెనకే ఒక గుంట ఉంది. ఎండాకాలం, కరెంటు పోయి వచ్చింది. దీపం రెండు సెకన్లలో లేస్తుంది, రౌటర్‌కు రెండు నిమిషాలు పడుతుంది. వైఫై దొరక్క దీపం సెటప్ పేజీ తెరుచుకుని కూర్చుంటుంది, రౌటర్ వచ్చినా లేవదు. పేజీకి 180 సెకన్ల గడువు పెట్టండి, గడువు దాటితే బోర్డు రీస్టార్ట్ అయి మళ్లీ వైఫై వెతుక్కోవాలి. ఈ ఒక్క వాక్యం చదవకుండా పంపినవాళ్లు "మీరు చెప్పింది వారానికే పాడైంది" అని నామీద పడతారు.

6. కావాలని పాడుచేయండి

ఈ జాబితాను ఒక సాయంత్రంలో కాదు, మూడు నాలుగు రోజులు విడతలవారీగా చేయండి. ప్రతిసారీ దీపాన్ని ముట్టుకోకుండా, దానంతటదే తేరుకుందా అన్నదే చూడాలి.

- దీపం ప్లగ్ పీకి పెట్టడం, పదిసార్లు.
- దీపం ఆన్‌లోనే ఉంచి రౌటర్ ఆపడం, ఐదు నిమిషాల తర్వాత పెట్టడం.
- ఇంటి మెయిన్ స్విచ్ ఆపి వేయడం, అంటే దీపం, రౌటర్ రెండూ ఒకేసారి లేవాలి.
- రౌటర్ ఆన్‌లోనే ఉంచి దానికొచ్చే ఇంటర్నెట్ కేబుల్ మాత్రం పీకడం. వైఫై ఉంటుంది, నెట్ ఉండదు. చాలా ప్రోగ్రామ్‌లు ఇక్కడే చిక్కుకుపోతాయి.
- రాత్రంతా వదిలేసి పొద్దున మొదటి నొక్కు అందిందా చూడటం.

నాలుగోది గట్టెక్కడానికి ఒక మొరటు చిట్కా: పది నిమిషాలపాటు బ్రోకర్ దొరకకపోతే బోర్డును రీస్టార్ట్ చేయించండి. పండితులు ముఖం చిట్లిస్తారు, నేను మాత్రం పెడతాను.

7. గుంటూరు నమూనా

అమెరికాకు ముందు గుంటూరు పంపండి. మీరు గుంటూరులో ఉంటే బెజవాడ పంపండి. గంట ప్రయాణంలో చేరుకోగలిగిన చుట్టాల ఇంట్లో రెండు వారాలు ఉండాలి. అట్టపెట్టెలో, టేపు అంటించి ఉన్నా ఫర్వాలేదు. షరతు ఒకటే: మీరు ఏమీ నేర్పొద్దు, సైగ కూడా చేయొద్దు.

పిన్ని ఇంట్లో పెట్టిన మొదటి రోజే నేను ఊహించనిది జరిగింది. ఆవిడ ఒకసారి నొక్కి ఊరుకోలేదు. నాలుగుసార్లు, ఐదుసార్లు నొక్కింది. "వెళ్లిందో లేదో ఎట్లా తెలుస్తుందిరా?" అంది. నిజమే కదా. అవతలి దీపం అందుకోగానే "అందింది" అని తిరుగు మాట పంపేలా, అది రాగానే ఇవతలి దీపం ఒకసారి ఆకుపచ్చగా మెరిసేలా మార్చాను. ఆ రోజు నుంచి ఒక్కసారే నొక్కుతోంది. బల్ల దగ్గర నేను ఏడాది కూర్చున్నా ఇది నాకు తట్టేది కాదు.

ఇంకొకటి, దీపాన్ని దేవుడి గదిలో పెట్టుకుంది. రౌటర్ హాల్లో ఉంది, మధ్యలో రెండు గోడలు. అందుకని వైఫై బలం ఎంతుందో ప్రోగ్రామ్‌లో గంటకోసారి పంపించుకోండి. మైనస్ 67 డీబీఎం (వైఫై బలం కొలత, సున్నాకు దగ్గరయ్యే కొద్దీ మంచిది) కంటే మెరుగ్గా ఉంటే నిశ్చింత. మైనస్ 80 దాటి పడిపోతే దీపం చోటు మార్చమని చెప్పాల్సిందే.

నిద్ర వేళలు కూడా ఈ నమూనాలోనే సరిచేసుకోండి. మన దేశానికి 19800 సెకన్లు కలిపితే సరిపోతుంది, ఏడాదంతా అదే. అమెరికాలో మార్చి రెండో ఆదివారం గడియారం ముందుకు, నవంబర్ మొదటి ఆదివారం వెనక్కి జరుపుతారు. అటు వెళ్లే దీపానికి ఒక్క అంకె కాకుండా ఆ ప్రాంతపు టైమ్‌జోన్ నియమం మొత్తం ఇవ్వాలి. రాత్రి పది నుంచి పొద్దున ఏడు దాకా ఒక్క ఎల్ఈడీ మాత్రం సన్నగా వెలగనివ్వండి.

8. పెట్టె

చాలామంది ఇక్కడ మొదలుపెడతారు. ఆఖర్న చేయాల్సిన పని ఇది, ఎందుకంటే లోపలిది ఎలాగూ మారుతుంది.

ఇత్తడి చెంబులోనో స్టీలు డబ్బాలోనో బోర్డు పెట్టొద్దు, వైఫై చచ్చిపోతుంది. నాకు నచ్చింది చెక్క పీట. కొండపల్లి బొమ్మలకు వాడే తెల్ల పొణికి తేలిగ్గా, మెత్తగా ఉంటుంది, చిన్న డ్రిల్లుతో తొలుచుకోవచ్చు. పైన బొమ్మ, కింద పీటలో బోర్డు, చుట్టూ రింగ్ వెలుగు. రింగ్ మీద బటర్ పేపర్ రెండు పొరలు వేస్తే ఎల్ఈడీ చుక్కలు విడిగా కనపడవు. త్రీడీ ప్రింట్ చేయిస్తే పీఎల్ఏ ప్లాస్టిక్ మంచిదే, కానీ అది 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. మే నెలలో బెజవాడలో ఎండలో ఆపిన కారులో వదిలేస్తే దీపం వంకర పోతుంది.

పెట్టెలో పెట్టకముందు, పెట్టాక వైఫై బలం రాసుకోండి. చెక్కలో తేడా పెద్దగా ఉండకూడదు. బాగా పడిపోతే బోర్డు యాంటెన్నా చివర ఏ లోహానికో, రింగ్ వైర్లకో ఆనుకుని ఉందేమో చూడండి. బ్రెడ్‌బోర్డుతో పంపొద్దు. వైర్లను సోల్డర్ చేసి, మీద వేడి జిగురు చుక్క పెట్టండి.

9. పంపే ముందు

దూరం నుంచే ప్రోగ్రామ్ మార్చే వీలు, అంటే ఓటీఏ, ఇప్పుడే ఉండాలి. ఆర్డునో ఓటీఏ అన్న మామూలు పద్ధతి ఒకే ఇంటి వైఫైలోనే పనిచేస్తుంది. మీకు కావాల్సింది వెబ్ నుంచి కొత్త ప్రోగ్రామ్ దింపుకునే పద్ధతి. గుంటూరు దీపం మీద కనీసం మూడుసార్లు మీ ఇంటి నుంచే మార్చి చూశాకే నమ్మండి. మార్చిన ప్రోగ్రామ్‌లో ఓటీఏ భాగం మర్చిపోతే అదే ఆఖరి మార్పు, ఇక తలుపు మూసుకుపోయినట్టే.

8883 పోర్టు వాడుతుంటే సర్టిఫికెట్ (సర్వర్ అసలైనదేనని చూపే గుర్తింపు పత్రం) విషయం చూసుకోండి. మీ బ్రోకర్ వాడేది లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ ఉచితంగా ఇచ్చే సర్టిఫికెట్ అయితే, దాని ఆయుష్షు మహా అయితే 90 రోజులు. దాన్నే బోర్డులో రాసేస్తే మూడు నెలల్లోపే దీపం మూగబోతుంది. దాని పైనుండే రూట్ సర్టిఫికెట్ రాయండి. వాళ్ల ఐఎస్ఆర్‌జీ రూట్ ఎక్స్1 2035 దాకా చెల్లుతుంది.

కొత్త మార్పు ఏదైనా సరే ముందు మీ బల్ల మీది మూడో బోర్డుకు, రెండు రోజుల తర్వాత ఇక్కడి దీపానికి, చివరగా అక్కడి దీపానికి. ఈ వరస తప్పితే అర్ధరాత్రి వీడియో కాల్‌లో "ఆ చిన్న బటన్ నొక్కు, అది కాదు, దాని పక్కది" అని చెప్పుకుంటూ ఉండాలి.

పార్సిల్ కంటే వెళ్లేవాళ్ల సూట్‌కేసు నయం, గోంగూర పచ్చడి సీసా పక్కన మాత్రం పెట్టనివ్వకండి. అడాప్టర్ ఇక్కడిది పంపొద్దు, మన ప్లగ్ అక్కడి సాకెట్‌లో పట్టదు. అక్కడ వాళ్ల ఇంట్లో ఉన్న ఫోన్ అడాప్టర్ చాలు, మీరు పరీక్షించిన కేబుల్ మాత్రం పెట్టండి. వైఫై, నెట్ పోతే రంగు మారేలా ప్రోగ్రామ్‌లో రాసి, రెండు దీపాల అడుగునా ఒక కాగితం అంటించండి: "ఎర్రగా ఉంటే వైఫై లేదు. నీలంగా ఉంటే నెట్ లేదు. రెండూ పది నిమిషాల్లో పోకపోతే ప్లగ్ తీసి, పది లెక్కపెట్టి, మళ్లీ పెట్టు." పిన్ని అద్దాలు లేకుండా చదవగలిగేంత పెద్ద అక్షరాలతో రాయాల్సి వచ్చింది, కాబట్టి పీట అడుగు కనీసం అరచేయంత ఉండేలా చూసుకోండి.